ఒక్కపొద్దు నాటి రక్తం

పదో తరగతి పిల్లలకు రక్తం పాఠం చెప్పడమంటే నాకు మహా సరదా. ఎర్రకణాలు ప్రాణవాయువును మోస్తాయి, తెల్లకణాలు రోగాలతో కొట్లాడతాయి, ప్లేట్‌లెట్లు గాయం మూస్తాయి, ఇవన్నీ ప్లాస్మా అనే పసుప్పచ్చని నీటిలో తేలుతూ ఒళ్లంతా తిరుగుతాయి. బోర్డు మీద గుండె బొమ్మ నాకంటే బాగా గీసేవాళ్లు మా మండలంలో లేరని నా నమ్మకం.

మా అక్క మాత్రం నెలనెలా తనకు రక్తం ఎక్కువగా పోతున్న సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఎల్లారెడ్డిలో వరినాట్లు వేస్తూ గట్టు మీద కూలబడ్డ రోజున గానీ మాకు తెలియలేదు. కామారెడ్డి తీసుకొస్తే, గర్భసంచిలో గడ్డ ఉంది, ఆపరేషన్ చేయాలి, ముందు రక్తం ఎక్కించకపోతే ప్రాణానికే ముప్పు అంది డాక్టరమ్మ. అక్క గ్రూపు రక్తం బ్లడ్ బ్యాంకులో కొంచెమే ఉందట. అది మీరు వాడుకుంటే రేపు ప్రసవానికి వచ్చే మనిషికి ఉండదు కాబట్టి, బదులుగా మీవాళ్లు ఎవరైనా ముందు ఇవ్వండి అన్నారు.

మరునాడు శనివారం. మా ఇద్దరన్నలు మొదటి బస్సుకే దిగారు. తలస్నానం చేసి, బొట్లు పెట్టుకుని, పెళ్లికొడుకుల్లా తయారై వచ్చారు. బ్లడ్ బ్యాంకులో నర్సమ్మ అడిగింది, "పొద్దున ఏం తిన్నరు?"

"ఏం తినలే మేడం! చెల్లె కోసం ఇంటిల్లిపాది ఒక్కపొద్దున్నం," అన్నాడు పెద్దన్న ఛాతీ విరుచుకుని.

"అయితే తీసుకోం. ఖాళీ కడుపుతో ఇస్తే కండ్లు తిరిగి పడిపోతరు. తిని రాండ్రి."

పొద్దు మునిగేదాకా మెతుకు ముట్టమని అవ్వకు, అంటే మా అమ్మకు, మాటిచ్చారట. "మొక్కు తప్పితే చెల్లెకే కీడైతది, రేపొస్తం," అన్నాడు పెద్దన్న. నాకు ఒళ్లు మండిపోయింది. "కీడు లోపల మంచం మీదనే ఉంది, రేపటిదాకా ఆగుతదా?" అని అరిచాను. పోనీ నేనిద్దామని వేలు చాపితే, నా రక్తపు చుక్క వాళ్ల నీలం నీళ్లలో మునగకుండా తేలింది. రక్తం పాఠం చెప్పే నాకే రక్తం తక్కువట.

వార్డుకు వెళ్లి అవ్వకు చెప్పాను. అక్క తల పక్కన కూర్చున్న అవ్వ నా వైపు తిరిగింది.

"తినకపోతే రక్తానికి ఏమైతది?" అంది.

"తిన్నది అరిగినంక రక్తంలకే పోతది అవ్వా. అందులో ఉన్న నీళ్లే దాన్ని ఒళ్లంతా మోస్తయి."

"అయితే నా కొడుకులు తిన్న ఇడ్లి బలం నా బిడ్డకు పోతదా?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "పోదు. అక్కకు ఎర్రకణాలే ఎక్కిస్తరు, అవి కూడ బ్యాంకుల ఉన్నయే. అన్నలిచ్చేది పరీక్ష చేసి, విడగొట్టి, ఇంకెవరికో ఇస్తరు."

"ఎవరికైతేంది, ఒగలకు పోతది గదా," అని అవ్వ లేచింది.

ఆసుపత్రి ఎదురుగా ఉన్న టిఫిన్ బండి దగ్గర ఇడ్లి తుంచి తనే పెద్దన్న నోట్లో పెట్టింది. "మీ ఒక్కపొద్దు గూడ నేనే ఉంట. తిను కొడుకా." మీసాలున్న మనిషి చంటిపిల్లాడిలా నోరు తెరిచాడు. చిన్నన్న పిలవకుండానే ప్లేటు అందుకున్నాడు. కాసేపాగి ఇద్దరూ రక్తం ఇచ్చారు.

మధ్యాహ్నానికి అక్కకు ఎర్ర సంచి తగిలించారు. గొట్టంలో ఒక్కో చుక్కా పడుతుంటే నేను కన్నార్పలేదు. సాయంత్రానికి అక్క పెదాల్లో తెల్లదనం కాస్త తగ్గినట్టనిపించింది. నా ఆశే కావచ్చు. అప్పుడు అక్క కళ్లు తెరిచి, "ఆకలైతుందే," అంది. ఆ మాటకు నాకు ఏడుపు ఆగలేదు.

అవ్వ పెరుగన్నం కలిపి ముద్ద అందిస్తే అక్క నోరు తెరవలేదు. "అవ్వా, నీ మొఖం గిట్ల వాడిపోయిందేంది? నువ్వు తింటెనే నేను తింట."

అవ్వ కిటికీ వైపు చూసింది. ఎండ ఇంకా గోడ మీదే ఉంది. ఒక్క క్షణం కళ్లు మూసుకుని దేవుడికి ఏదో చెప్పుకుంది. తర్వాత ఆ ముద్ద తన నోట్లో పెట్టుకుని, రెండోది అక్కకు పెట్టింది.