క్షమాపణ ఎవరు రాయాలి?

ఈ రోజు ప్రొద్దుటూరులో మా పక్కింటి షబానాకు తోడుగా ఆమె చదివే ఎంబీఏ కాలేజీకి వెళ్లాను. డెంగ్యూ వచ్చి రెండు పరీక్షలు రాయలేకపోయిందని ఆమెను ప్రొబేషన్‌లో, అంటే హెచ్చరిక కింద, పెట్టి సంజాయిషీ అడిగారు. వారంలోగా అది ఇవ్వలేదని ఇప్పుడు క్లాసుకే రానివ్వడం లేదు.

"నోటీసు బోర్డులో పెట్టినాం కదమ్మా, చూసుకోవల్ల," అన్నాడు క్లర్కు.

"ఆస్పత్రిలో సెలైన్ పెట్టుకోని పండుకోనుంటే మీ బోర్డు యాడ చూసేది సార్?" అంది షబానా.

నేను రూల్స్ పుస్తకం అడిగి తీసుకున్నాను. సంజాయిషీ అడిగితే విద్యార్థి ఇంటికి ఉత్తరం పంపాలని అందులో స్పష్టంగా ఉంది; షబానా ఇంటికి ఏ ఉత్తరమూ రాలేదు. అది చూపించాక ప్రిన్సిపాల్ ఆమెను క్లాసుకు పంపారు. కానీ ముందు షబానా చేతనే క్షమాపణ పత్రం రాయించుకున్నారు!

నాకింకా ఒళ్లు మండుతోంది. మీరైతే రాసిచ్చేవారా?