గులాబీ రంగు చెప్పే మనిషి

పిల్లల ఆసుపత్రి హాల్లో గోడ పొడవునా ఉన్న ఉప్పునీటి తొట్టెను పద్నాలుగేళ్లుగా చూసుకుంటున్నది ఒక్కడే. అందరూ ఆయన్ని చేపలాయన అంటారు. అసలు పేరుతో పిలిస్తే రెండోసారికి గాని పలకడు. సూదికి భయపడి ఏడ్చే పిల్లల్ని తల్లులు ఈ అద్దం ముందుకే తెచ్చి నిలబెడతారు. లోపలి పగడాల్లో సగానికి పైగా, చిటికెన వేలంత ముక్కలుగా తెచ్చి ఆయన రాళ్లకు అంటించి పెంచినవే.

చేపలు తిన్నదంతా ఆ నీళ్లలోనే వదులుతాయి. అదే చివరికి నైట్రేట్‌గా పేరుకుని పగడాల ప్రాణం తీస్తుంది. తొట్టె వెనక ఇరుకుగదిలో రియాక్టర్ అనే గొట్టం ఉంది. దానిలో మినపగింజలంత తెల్లగుళికలు పంపు నీళ్లకు ఎడతెగకుండా దొర్లుతుంటాయి. వాటి మీద పెరిగే సూక్ష్మజీవులు నైట్రేట్‌ను మింగేస్తాయి. గుళికలు తక్కువైతే పని జరగదు. ఎక్కువైతే నీళ్లలో సారమంతా పోయి పగడాలు పస్తులతో చస్తాయి. ఎన్ని వెయ్యాలో చెప్పేది పరీక్షగొట్టంలో తేలే గులాబీ రంగు. దాన్ని అట్ట మీది రంగుల గళ్లతో పోల్చి చూడాలి; గడి ముదిరేకొద్దీ నైట్రేట్ ఎక్కువన్నట్టు.

ఆ రంగే ఆయనకు రెండేళ్లుగా తెలియడం లేదు. కంటి నరం దెబ్బతింది, ఇక బాగుపడదు అని డాక్టరు తేల్చేశాడు. ఈ సంగతి బయటపడితే తొట్టె చేజారిపోతుంది. తెలిసింది భార్య ఒక్కదానికే. ఆవిడ అదే ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే విభాగంలో పనిచేస్తుంది. మధ్యాహ్నం వచ్చి, కాళ్లు లాగుతున్నాయంటూ కిటికీ పక్క బల్ల మీద కూర్చుని రంగు చూసి చెబుతుంది.

"ఎన్నో గడే?"

"నాలుగు. నా నిన్నటి జాకెట్టు రంగు."

"నీ జాకెట్టు నాకేం తెలుసు?"

"కళ్లున్నప్పుడు మాత్రం చూశారా ఏమిటి!"

రంగును పగటి వెలుతురులోనే చూడాలని ఆయన ఆవిడకు ఎన్నడూ చెప్పలేదు. ఎలాగూ అక్కడే కూర్చుంటుంది కదా అనుకున్నాడు.

జ్వరాల కాలం వచ్చింది. కిటికీ బల్ల నిండా ఒళ్లు కాలే పిల్లలతో తల్లులు. ఆవిడ తొట్టె పక్కనే, దాని నీలం దీపం కింద నిలబడి చూసింది. ఆ వెలుగులో ఏ గులాబీ అయినా ముదురుగానే కనిపిస్తుంది.

"ఆరో గడండీ!" అని కేకేసింది.

వెనకగదిలో ఉన్న ఆయన రెండు గుప్పిళ్ల గుళికలు వేశాడు. వారం పోయాక మళ్లీ ఆరే అంది. ఇంకో రెండు గుప్పిళ్లు. ఆ పై వారం కూడా తగ్గలేదనేసరికి సంచి మొత్తం బోర్లించేశాడు. తన చేతి మీద లేని నమ్మకం ఆయనకు ఆవిడ కంటి మీద ఉంది.

నాలుగో రోజు పొద్దున్నే ఆవిడ వచ్చి నిలబడిపోయింది.

"ఏమండీ, పగడాలేంటి ఉతికి ఆరేసినట్టు తెల్లబడ్డాయి?"

ఆయన చెయ్యి నీళ్లలో పెట్టాడు. పగడం మీది చర్మం జిగురులా వేళ్లకు అంటుకుని ఊడి వచ్చింది. చేపలు గాలందక పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి.

"ఈ మధ్య ఎక్కడ నిలబడి చూశావే?"

"ఇక్కడే. కిటికీ దగ్గర చోటెక్కడుంది?"

మళ్లీ పరీక్ష చేసి గొట్టం ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ తల్లుల మధ్య నుంచి ఒదిగి కిటికీ దాకా వెళ్లి, చాలాసేపు వెలుతురుకు పట్టి చూసింది.

"రంగే లేదండీ. మంచినీళ్లలా ఉంది." తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "నేను తప్పు చెప్పానా?"

"లేదు. గుళికలే చెడ్డ సరుకు."

గుళికలు తోడాడు, నీళ్లు మార్చాడు. రెండు రోజులు ఇంటికి వెళ్లలేదు. చేపలు కొన్ని దక్కాయి. పగడం ఒక్కటీ దక్కలేదు.

ఆసుపత్రి మేనేజరమ్మ పిలిపించింది. "ఏమైంది చేపలాయనా? గుళికలు బాగాలేవట కదా?"

అవునంటే చాలు. మళ్లీ చిన్న ముక్కలు తెచ్చి అంటించుకోవచ్చు. మళ్లీ మధ్యాహ్నాలు భార్య రంగు చెబుతుంది. ఎక్కడో మళ్లీ తప్పుతుంది. అప్పుడు, ఈ పగడాలు పోయింది తన మాట వల్లేనన్న నిజం ఆవిడకు తెలియకుండా ఆపడం ఆయన తరం కాదు.

"గుళికలు మంచివేనమ్మా. నాకే రంగులు కనపడవు. రెండేళ్లయింది."

"రెండేళ్లా! మరి ఇన్నాళ్లూ పరీక్షలు ఎవరు చూశారు?"

"ఎవరూ చూడలేదు. గుళికలు ఉజ్జాయింపుగా నేనే వేశాను."

 మేనేజరమ్మ వెనకగది తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్లమంది.