అప్ప నడుము మీద నా కాలు

నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. మా వైపు అలా పుట్టినవాళ్ళ కాలికి ఒక ఉద్యోగం ఉంటుంది. నడుం పట్టేసినవాళ్ళు పొద్దున్నే ఎవరితోనూ మాట్లాడకుండా వచ్చి వీపు తిప్పి నిలబడితే మూడుసార్లు తన్నాలి. తంతే నొప్పి పోతుందంటారు. బడిలో సైన్సు చెప్పే పంతులమ్మనయ్యాక కూడా నాకా ఉద్యోగం తప్పలేదు. విసుక్కుంటూనే తన్నేదాన్ని. తగ్గిందని చెప్పినవాళ్ళను నమ్మేదాన్నో లేదో ఇప్పటికీ నాకే తెలియదు.

మా అప్పను, అదే అక్కను, మాత్రం ఎప్పుడూ తన్నలేదు. నాకంటే పన్నెండేళ్ళు పెద్దది. అమ్మ పోయాక, తీరంలో చేపలు కొని, గంప నెత్తిన పెట్టుకుని నౌపడ చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి అమ్మి నన్ను చదివించింది. ఆ గంప ఇంకా దించలేదు. నడక ఆగితే ఆమెకు బతుకే లేదు. కిందటేడు వానలు వెనకబట్టాక నడుం దగ్గర మొదలైన నొప్పి పిర్ర మీదుగా పిక్క దాకా దిగింది. కాలిన తీగ పెట్టి లాగుతున్నట్టుందనేది. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే, ఇంట్లో వైద్యం పెట్టుకుని ఊళ్ళెందుకు తిరగడమని నామీదే విసుక్కుంది.

ఒకరోజు పొద్దున్నే నా గుమ్మం ముందుకొచ్చి వీపు తిప్పింది. అమ్మలాంటి మనిషి. పొరపాటున కాలు తగిలితేనే కళ్ళకద్దుకుంటాం, కావాలని ఎలా తన్నను? "ఏటైపోద్దే, తన్ను" అంది. తన్నాను. మూడో తన్నుకు ఏడుపు ఆగలేదు. వంగి ఆమె కాళ్ళు పట్టుకున్నాను. మర్నాడు నొప్పి పోయిందని చెప్పి పంపింది. సైన్సు పంతులమ్మనన్న సిగ్గు కూడా లేకుండా పొంగిపోయాను.

పది రోజుల తర్వాత అప్ప ఉప్పుమళ్ళ గట్టు మీదుగా మా ఇంటికి వచ్చేసరికి ఎడమకాలికి చెప్పు లేదు. ఎక్కడ జారిపోయిందో ఆమెకు తెలియలేదు. పాదం పైకి లేవడం లేదు, ఈడ్చుకుంటూ వచ్చింది.

విశాఖపట్నం తీసుకెళ్తే స్కాను తీశారు. వెన్నుపూసల మధ్య మెత్తటి బిళ్ళ ఒకటి పొడుచుకొచ్చి, కాల్లోకి దిగే నరాన్ని నొక్కుతోందని డాక్టరు ఫిలిం మీద చూపించారు. నాకు బూడిదరంగు మరకలు తప్ప ఏమీ కనిపించలేదు, అయినా తలూపాను. పెద్దగా కోయక్కర్లేదట. నడుం పక్కన చిన్న కన్నం చేసి, సన్నటి గొట్టంలో కెమెరా పంపి, నొక్కుతున్న ముక్కను లాగేస్తారట. మత్తు ఆ చోటి వరకే, మనిషి మెలకువగానే ఉంటుందట. నొప్పి కాల్లో ఉంటే కన్నం నడుముకెందుకని అప్ప అడిగింది. వీళ్ళు మోకాలికీ బోడిగుండుకీ ముడిపెడుతున్నారని ఆమె అనుమానం. నాకూ అర్థమయ్యీ కానట్టే ఉంది.

ఎక్కడైనా పడ్డారా, దెబ్బ తగిలిందా, బరువులు మోస్తారా అని డాక్టరు అడిగారు. అప్ప గంప సంగతి చెప్పింది, తన్ను సంగతి చెప్పలేదు. నేనూ నోరు విప్పలేదు. తీరా కాగితాల మీద సంతకం పెట్టేటప్పుడు, ఆమె పక్కన లేకపోయేసరికి, ఉండబట్టలేక అంతా చెప్పేశాను. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. బిళ్ళ అంతకుముందే పాడై ఉంటుంది, తన్ను వల్ల ముదిరిందో లేదో చెప్పలేను, కానీ రాకుండా గడిపిన రోజులవల్ల మాత్రం నరానికి నష్టం జరిగింది అన్నారు. అంటే తప్పు నాదా, కాదా? ఆ మాటను ఎటు తిప్పి చూసినా తేలలేదు. నొప్పి పోయిందని ఆమే చెప్పింది కదా అని కాసేపు, అసలు తన్నింది నేనే కదా అని కాసేపు.

గంటన్నరలో బయటికి తెచ్చారు. వీపు మీద చిన్న పట్టీ, అంతే. ఇంత చిన్నదానికా నేనిన్ని దేవుళ్ళకు మొక్కుకున్నాను అనిపించింది. నరం కోలుకోవడానికి నెలలు పట్టొచ్చు, పూర్తిగా కోలుకోకపోవచ్చు కూడా, రోజూ వేళ్ళు పైకెత్తే ప్రయత్నం మాత్రం మానొద్దని చెప్పి డాక్టరు వెళ్ళిపోయారు.

అప్పుడడిగాను, నొప్పి నిజంగా ఏ రోజు పోయిందని. అప్ప పైకప్పు వైపు చూస్తూ చెప్పింది.

"పోనేదే. నువ్వు తన్నినాక ఇంకా ఎక్కువైనాది. నువ్వలాగ ఏడిసినావు. పోనేదని ఎలాగ సెప్తాను?"

నాకు ఒళ్ళు మండిపోయింది. నా ఏడుపు చూడలేక కాలు పోగొట్టుకుంటుందా మనిషి? తిట్టడానికి నోరు తెరిచాను. ఆమెను తిట్టాలో నన్ను తిట్టుకోవాలో తెలియక మళ్ళీ మూసేశాను.

ఆమె దుప్పటి తీసేయమంది. వెల్లకిలా పడుకున్న చోటి నుంచి తన పాదం తనకు కనబడదు. వేళ్ళకు స్పర్శ ఇంకా రాలేదు. పళ్ళు బిగబట్టి బలమంతా ఆ కాల్లోకి పంపింది. నుదుటి మీద చెమట పట్టింది.

"కదిలినాదేటే?" అని అడిగింది.

కదిలిందనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది.

"నేదప్పా" అన్నాను. "కదల్నేదు."

ఆమె కాసేపు నా ముఖంలోకి చూసింది. "అయితే సూస్తుండు" అని మళ్ళీ పళ్ళు బిగబట్టింది.