నోటి మీద చెయ్యి

కాన్పు నొప్పులు పడుతున్న మనిషిని ఎవరైనా “ఏంటా అరుపులు?” అని కసిరితే నాకు ఒళ్లు మండిపోతుంది. నా నోరు మంచిది కాదని మా ఇంట్లోవాళ్లే అంటారు. ఈ పనికి అలాంటి నోరే కావాలని నేను గర్వంగా చెప్పుకునేదాన్ని. అందుకే ఇప్పుడిది రాయాలంటే సిగ్గుగా ఉంది.

నా పనిని డౌలా అంటారు. నెల్లూరు వైపు ఆ మాట చెబితే, అదేదో కొత్త జబ్బు అన్నట్టు చూస్తారు. నేను నర్సును కాను, మంత్రసానినీ కాను. మందు ఇవ్వను, బిడ్డను పట్టను. నొప్పులు మొదలైనప్పటి నుంచి కాన్పు అయ్యేదాకా తల్లి పక్కన ఉంటాను. నడుం రుద్దుతాను, నీళ్లు తాగిస్తాను, అటూ ఇటూ నడిపిస్తాను. ఆమె అడగలేని మాటేదైనా ఉంటే ఆమె తరఫున డాక్టరును అడుగుతాను.

నేనిప్పుడు చెప్పబోయే అమ్మాయిది బుచ్చిరెడ్డిపాలెం దగ్గర వరి పండించుకునే ఇల్లు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి గానీ ఆమెకు తల్లి లేదు. అందుకని భర్తే నన్ను వెతికి పట్టుకున్నాడు. ఏడో నెల నుంచి వారానికోసారి కావలిలో బస్సెక్కి వాళ్లింటికి వెళ్లేదాన్ని.

ఆమె భయం నొప్పుల గురించి కాదు.

“అరిస్తే సిస్టర్లు తొడ మీద కొడతారంట గదక్కా? మా పిన్నిని కొట్టినారంట. నాకు ముల్లు గుచ్చుకున్నా ఊరంతా ఇనపడేట్టు అరస్తా. ఇంక కాన్పంటే ఏమైపోతానో!”

“అరువు. ఎంత గట్టిగా కావాలంటే అంత గట్టిగా అరువు. అడ్డం వచ్చినోళ్ల సంగతి నేను చూసుకుంటా” అన్నాను.

ఊరికే అనడమే కాదు, నేర్పించాను కూడా. గొంతు బిగబట్టకుండా, కడుపులోంచి లాగి “ఆ...” అని వదిలితే ఒళ్లు సడలుతుంది. ఇద్దరం పెరట్లో నిలబడి అలా అరుస్తుంటే వాళ్లత్త చేతిలో గరిటెతో పరిగెత్తుకొచ్చింది. ఏమీ కాలేదని తెలిశాక మా ఇద్దరినీ కలిపి తిట్టింది. ఆ అమ్మాయి నా భుజం మీద వాలిపోయి నవ్వింది.

నొప్పులు ఒక ఉదయం మొదలయ్యాయి. నెల్లూరులో వాళ్లు ఎంచుకున్న నర్సింగ్ హోముకు నేను వెళ్లడం అదే మొదటిసారి. అంతకుముందు ఇంకో చోట సిస్టరుతో గొడవ పెట్టుకుని, మళ్లీ గడప తొక్కొద్దనిపించుకున్నాను. ఇక్కడి డాక్టరమ్మ, నేను కాళ్లావేళ్లా పడితే నన్ను కాన్పు గదిలోకి రానివ్వడానికి ఒప్పుకుంది. కంప్లైంట్ వస్తే బయటే కూర్చోవాలన్నది షరతు. వచ్చే నెల మరో ఇద్దరిని ఇక్కడికే తీసుకొస్తానని నేను అప్పటికే మాటిచ్చి ఉన్నాను.

పదకొండు గంటలకు నొప్పులు ఎక్కువయ్యాయి. ఆమె అరిచింది, నేను నేర్పినట్టే. సిస్టరు వచ్చి ఆమెను ఏమీ అనలేదు. నా వైపు తిరిగింది.

“పక్క రూములో ఆపరేషనైన పేషెంటుంది. ఊరుకోబెట్టండి. మీ వల్ల కాకపోతే బయట కూర్చోండి.”

ఎన్నో ఏళ్లుగా ఎంతోమందికి ఇచ్చిన జవాబు నా దగ్గర సిద్ధంగా ఉంది. అది నోట్లోంచి రాలేదు. తర్వాతి నొప్పికి ఆమె నోరు తెరవగానే నా అరచెయ్యి తీసుకెళ్లి ఆ నోటి మీద పెట్టాను. “ష్... వద్దమ్మా, ఊపిరి తీసుకో” అన్నాను.

గట్టిగా నొక్కలేదని ఆ తర్వాత ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను. నొక్కాల్సిన అవసరం రాలేదు. ఆమె నా మొహంలోకి చూసి, తనంతట తానే నోరు మూసుకుంది. ఆ తర్వాత రెండు గంటలపాటు కిక్కురుమనలేదు. కింది పెదవిని పళ్లతో కొరుక్కుని చీరేసుకుంది. ఆ నెత్తురు తడిగుడ్డతో తుడిచింది నేనే.

ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ క్షేమం. సిస్టరు నవ్వుతూ వచ్చి, “బాగా కంట్రోల్ చేసినారక్కా. మీవాళ్లను ఇక్కడికే తీసుకురండి” అంది. ఆ మాటకు నాకు సంతోషం కలిగింది. చెయ్యి పెట్టినందుకు సిగ్గుపడతాను గానీ, ఆ సంతోషానికి ఇంకా ఎక్కువ సిగ్గుపడతాను.

ఇరవై ఒకటో రోజు ఉయ్యాల వేస్తూ నన్నూ పిలిచారు. వాళ్లత్త నన్ను చూపించి కనపడినవాళ్లందరికీ ఒకటే చెబుతోంది. “మా కోడలు నోరెత్తలేదంటే నమ్మండి! అంతా ఈ అమ్మాయి నేర్పిందే.” బంధువుల్లో ఒక నిండు గర్భిణి నా పక్కకు వచ్చి కూర్చుంది. “అక్కా, నాక్కూడా అట్లా నేర్పిస్తావా?” అని అడిగింది. నేను నవ్వి ఊరుకున్నాను. పెట్టిన లడ్డూ తిన్నాను.

లోపల గదిలో ఆ అమ్మాయి ఒక్కతే బిడ్డకు పాలిస్తోంది. పెదవి మీద మచ్చ ఇంకా పోలేదు. వెళ్లి మంచం అంచున కూర్చున్నాను.

“తప్పు చేసినా. అరవమని చెప్పి నేనే నీ నోరు మూసినా” అన్నాను.

ఆమెకు కోపం వస్తే బాగుండేది.

“నువ్వు భయపడినావు గదక్కా. నీ మొహంలోనే కనపడింది. ఇంకోసారి అరిస్తే నిన్ను బయటికి పంపించేస్తారని తెలిసిపోయింది. నువ్వు గూడా పోతే నాకెవరుండారు? అందుకే బిగబట్టుకున్నా.”

తోడుగా వెళ్లింది నేను. అన్ని నొప్పుల మధ్య నన్ను కాపాడింది ఆమె. బిడ్డ పాదం పట్టుకుని కూర్చున్నాను.

బయటికి వచ్చేసరికి ఆ గర్భిణి ఫోను నంబరు కోసం వాకిట్లో ఎదురుచూస్తోంది. ఆ అమ్మాయి అత్త పక్కనే ఉంది. ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆమె అరవకుండా ఉన్నది నేను నేర్పడం వల్ల కాదని, నా చేత్తో నోరు మూశానని, అది ఆ నర్సింగ్ హోములో నా చోటు పోతుందన్న భయంతో చేశానని చెప్పాను. ఆ అత్త మొహం మాడిపోయింది. ఆ గర్భిణి ఫోను కొంగులో చుట్టేసుకుంది.

“కాన్పుకు మా అమ్మ వస్తుందిలేక్కా” అంది.