చెరుకు కోతల కాలంలో కోటగిరి దారి, ఒక పొడుగు గంట

డిగ్రీ అయ్యాక ఇంట్లో కాలు నిలవక, బడుల్లో పనిచేసేవాళ్ళకు శిక్షణ ఇచ్చే ఒక చిన్న సంస్థలో చేరాను. బడి తనదే అనుకున్న పిల్లకే ఆపదొస్తే నోరు తెరిచి చెప్పే ధైర్యం ఉంటుందన్నది మా పాఠం. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, చెరుకు కోతలప్పుడు, కోటగిరి దారిలోని ఒక ఊరి ప్రాథమిక పాఠశాలకు నన్ను పంపారు.

పొద్దున ఏడింటికి మా ఇల్లున్న కంఠేశ్వర్‌లో ఆటో ఎక్కి బస్టాండుకు, అక్కడినుంచి బోధన్ బస్సు. గంట ప్రయాణమన్నారు కానీ చెరుకు ట్రాక్టర్ల వెనక పడితే ఆ లెక్క తప్పుతుంది. ఇంకెంతసేపని డ్రైవర్‌ని అడిగితే, "గా ట్రాక్టరోన్ని అడుగు చెల్లె, నా చేతుల హారనొక్కటే ఉన్నది" అన్నాడు. బోధన్‌లో వేడి మిర్చీలు, చాయ్ పది రూపాయల్లోపే అయ్యాయి. అక్కడ బస్సు మారి, పదకొండుకు ముందే బడి చేరాను.

ఎవరితోనూ కలవని పిల్లలున్నారా అన్నదే నా మొదటి ప్రశ్న. "ఉన్నది, సునంద. మహారాష్ట్ర నుంచి చెరుకు కొట్టనీకి అచ్చినోళ్ళ బిడ్డ" అన్నారు పెద్దసారు. "పగటీలి అన్నానికి ఇడిస్తే మల్ల రాదు. కాలువ కట్ట మీదికెల్లి ఒక్కతే పోతది. సదువంటే సోకు లేదు."

ఆ కాలువ నిండుగా పారడం బస్సులోంచే చూశాను. "ఏ రోజైనా ఇల్లు చేరకపోతే మీకు తెలుస్తుందా?" అని అడిగాను. పెద్దసారు హాజరు పట్టీ తిరగేయసాగారు. ఆ పిల్లతో మాట్లాడడానికి మరాఠీ ఎవరికి వచ్చని అడిగితే, పక్కనున్న టీచరమ్మ కిసుక్కున నవ్వింది. "సారుకే అస్తది మేడం. అంగట్ల ఎడ్ల బేరం మరాఠీలనే చేస్తడు!"

"బడిల తెలుగే ఉండాలె గదా" అని గొణిగి, ఆయన సునందను పిలిపించారు. ఎందుకు తిరిగి రావడం లేదని మరాఠీలో మెల్లగా అడిగారు. ఆ పిల్ల ఒక్క క్షణం ఆయన్నే తేరిపార చూసి, గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. సారు కళ్ళజోడు తీసి మరీ నవ్వారు. "వీళ్ళూర్ల పొడుగు గంట కొడితే బడి ఒడిసినట్టంట, ఇగ ఇంటికేనంట! మనం పగటికే పొడుగు గంట కొడ్తున్నం."

"గిన్నొద్దులు నాకెవ్వలన్న సెప్పిండ్రా?" అని గంట కొట్టే అవ్వ మూతి తిప్పింది. అంతా గొల్లుమన్నారు. ఆ నవ్వు మధ్యలోనే సారు ముఖం మారింది. "ఇన్ని దినాలు గా పిల్లను కట్ట మీదికి మనమే తోలినం" అన్నారు.

ఆ తర్వాత నేను చెప్పాల్సింది పెద్దగా మిగల్లేదు. సునంద రొట్టె తెచ్చుకుని బడిలోనే తినాలని, సాయంత్రం టీచరమ్మ వెంట ఊరి బాటన వెళ్ళాలని, రాని పిల్లల ఇంటికి ఆ రోజే ఎవరో ఒకరు పోయి చూడాలని వాళ్ళే తేల్చుకున్నారు. ఆ పగలు అవ్వ రెండే దెబ్బలు కొట్టింది. నాలుగింటికి మాత్రం సునంద గంట తానే కొడతానని సారును మరాఠీలో అడిగింది. ఆ పిల్ల ఎంతకీ ఆపకపోతే, "సాలు బిడ్డా, ఊరు బెదురుతది!" అని అవ్వ కేకేసింది.

తిరుగు బస్సులో నా శిక్షణ కాగితాలు తెరవలేదు. బడి తమదే అనిపించడానికి పిల్లలకు పెద్ద మాటలేం అక్కర్లేదు, తమకు తెలిసిన మాటలో ఎవరో ఒకరు పలకరిస్తే చాలనిపించింది. ఇలాంటి పనిమీద మీరూ ఇటు వస్తే, మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోకండి. అన్నం వేళ దాటాక ఏ పిల్ల తిరిగి రాలేదో చూసి, సాయంత్రం బస్సెక్కండి.