సీసాలో నీళ్ళు తెమ్మన్న కొట్టు మావయ్య

మొన్న మంగళవారం పొద్దున్న పాలు కాస్తుంటే పక్కింటావిడ గోడ మీంచి చెప్పింది, మా వీధి చివరి ఫ్యాన్సీ కొట్టు మావయ్య పోయారని. రాత్రి అన్నం తిని పడుకున్న మనిషి తెల్లారి లేవలేదట. పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. పడితే పడనీ అనుకున్నాను.

ఆయన మాకు చుట్టం కాదు. అరసవల్లిలో గుడికి వెళ్ళే దారి నుంచి కాస్త లోపలికి మా వీధి. మా అత్తగారు ఆయన్ని తమ్ముడూ అని పిలిచేది, ఆయన ఆవిడని మా వైపు అక్కని పిలిచినట్టు అప్పా అనేవారు, అందుకని కాపురానికి వచ్చిన రోజు నుంచీ నాకు మావయ్య అయ్యారు. గాజులు, రిబ్బన్లు, కాటుక, సబ్బులు, తలనూనెలు అమ్మేవారు. ఆయన తల మీద మాత్రం వెతికినా వెంట్రుక దొరకదు. అలాంటి మనిషిని ఊళ్ళో ఆడవాళ్ళంతా జుట్టు గురించి సలహా అడగడం చూస్తే నాకు నవ్వొచ్చేది. నా నోరు ఊరుకోదు కదా, ఒకరోజు మొహం మీదే అనేశాను. ఆయనేమీ అనుకోలేదు. "నాకే ఉంటే అద్దంలో నాది నాను సూసుకుందును కోడలా. నేదు కాబట్టి మీ అందరిదీ సూత్తన్నాను" అన్నారు.

కానీ ఆయన పుట్టుకతో పండితుడేం కాదు. ఒక పెద్ద తప్పు చేసి నేర్చుకున్నారు. ఆ తప్పులో ఎక్కువ నష్టపోబోయింది నేనే కాబట్టి చెప్పే హక్కు నాకుంది.

మా పుట్టిల్లు శ్రీముఖలింగం. వంశధార నీళ్ళతో తలంటుకుని పెరిగిన జుట్టు నాది. ఒత్తుగా, ఉంగరాలు తిరిగి నడుం దాటి ఉండేది. పెళ్ళిచూపుల్లో మా అత్తగారు చూసింది నన్నో, నా జడనో ఇప్పటికీ నాకు అనుమానమే. ఇక్కడికొచ్చి బోరు నీళ్ళు తల మీద పోసుకున్న ఆరు నెలల్లో అది కొబ్బరి పీచు అయింది. మా అమ్మ దిష్టి తగిలిందంది. అత్తగారు నా తిండిని తప్పు పట్టింది. నేను లోలోపల ఆ ఇంటినే తిట్టుకున్నాను.

అప్పుడే మావయ్య కొట్లోకి షాంపూ సబ్బులు వచ్చాయి. సీసా ఉండదు, ప్లాస్టిక్ ప్యాకెట్ ఉండదు, అట్ట చుట్టిన చిన్న బిళ్ళ. చేత్తో తయారు చేసే వాళ్ళెవరి దగ్గరో కొనుక్కొచ్చారు. కుంకుడుకాయలు కొట్టి నానబెట్టే ఓపిక ఎవరికీ లేదు, షాంపూ ప్యాకెట్లేమో కాలవలో పేరుకుపోతున్నాయి, రెంటికీ ఇదే మందని ఆయన గట్టిగా నమ్మారు. రథసప్తమి లోపల వీధిలో ఇంటింటికీ ఒక బిళ్ళ చేరింది. ఎవరూ సబ్బును చూసి కొనలేదు. ఆయన మాట మీద కొన్నారు.

రథసప్తమి తెల్లవారుజామున తల మీద జిల్లేడాకులు పెట్టుకుని వీధి వీధంతా ఆ బిళ్ళతోనే తలంటుకున్నాం. బట్టల సబ్బు రుద్దినట్టు కిందికీ మీదికీ రుద్దాం. నురగ రాలేదు. రాకపోతే ఇంకా రుద్దాం. తీరా ఆరాక చూస్తే తలంతా మైనం పూసినట్టు జిగట. ఆ రోజు దర్శనం వరసలో మా వీధి వాళ్ళని ఎవరైనా గుర్తుపట్టగలరు, నెత్తి మీంచి కొంగు తీయని వాళ్ళంతా మేమే.

నా జుట్టులోకి దువ్వెన దిగలేదు. బలవంతంగా లాగితే పిడికెడు చేతికొచ్చింది. అత్తగారు చూసి, "ఒసే, ఇది సిక్కు ఒదిలేది కాదు. బుజాల కాడికి కత్తిరించీ, పీడా పోద్ది" అంటూ కత్తెర తెచ్చి చేతిలో పెట్టింది. అదే కత్తెరతో నేను కొట్టుకి వెళ్ళాను. పండగ జనం నిండుగా ఉన్నారు. వాళ్ళందరి ముందూ ఆయన్ని కడిగేశాను. మీ మాట నమ్మి తలకి రుద్దుకున్నాను, ఇప్పుడు మీ పేరు చెప్పుకుని కత్తిరించుకుంటాను అన్నాను. నా గొంతు నాకే వికారంగా వినిపించింది.

ఆయన గల్లాపెట్టె మూసి లేచారు. "మా ఆడదాని తలా అలగే అయిందమ్మా. పొద్దున్నుంచి అదే నా బుర్రలో తిరుగుతన్నాది. తప్పు నాది. ఒక్క పూట ఆగు, కత్తెర ముట్టీకు" అన్నారు. ఆ వెంటనే కొట్టు మూసేశారు. రథసప్తమి రోజున అరసవల్లిలో కొట్టు మూయడమంటే ఏమిటో వ్యాపారం చేసేవాళ్ళకి తెలుస్తుంది.

నీళ్ళ మీద అనుమానం వచ్చి, ఇంట్లో కూర్చుని రెండు గాజు గ్లాసులు పెట్టుకున్నారట. ఒకదాంట్లో బోరు నీళ్ళు, ఒకదాంట్లో తాగే క్యాను నీళ్ళు. రెంటిలోనూ సబ్బు తురిమి కలిపితే క్యాను నీళ్ళు నురగ కట్టాయి, బోరు నీళ్ళు పాలు విరిగినట్టు విరిగాయి. మా తలలకి పట్టింది ఆ విరిగిన సబ్బే. మధ్యాహ్నానికి సంచీడు నిమ్మకాయలు తీసుకుని ఇల్లిల్లూ తిరిగారు. "రసం ఉత్తినే పోసీకండి. సెంబుడు నీళ్ళలో ఒక్క సెక్క పిండండి. కంట్లో పడకుండా పోసుకుని మళ్ళీ మంచినీళ్ళతో కడిగీండి" అని గుమ్మం గుమ్మానికీ చెప్పారు. చెప్పే ముందు ప్రతి గుమ్మంలోనూ తప్పు నాదే అన్నారు. వయసులో పెద్దవాడు, ఆ మాట అన్ని ఇళ్ళలో అనడానికి ఎంత గుండె ఉండాలి!

మా ఇంటికి క్యాను నీళ్ళు తనే మోసుకొచ్చారు, భార్యని, అదే మా కొట్టు అత్తని, వెంటబెట్టుకుని. నిమ్మ నీళ్ళు పోశాక ఆవిడ నా వెనక కూర్చుని, చివర్ల నుంచి మొదలుపెట్టి పైకి ఒక్కో చిక్కూ విప్పింది. ఆడవాళ్ళున్న చోటని ఆయన లోపలికి రాలేదు. గేటు బయట అటు తిరిగి నిలబడి, "దువ్వెన దిగిందా?" అని అడిగేవారు. కాసేపాగి మళ్ళీ "దిగిందా కోడలా?" అనేవారు. పొద్దు వాలేటప్పటికి దిగింది. దిగింది మావయ్యా అని నేను అరిస్తే ఆయన గేటు పక్కనే చప్టా మీద కూలబడి కండువాతో మొహం తుడుచుకున్నారు. నా కోపం ఆ క్షణమే పోయింది. కత్తెర అత్తగారికి ఇచ్చేశాను.

ఇంకొకరైతే ఆ సరుకు జోలికి మళ్ళీ వెళ్ళరు. ఆయన మాత్రం భూతద్దం కొనుక్కుని అట్ట మీది చిన్నక్షరాలు చదవడం మొదలుపెట్టారు. తయారు చేసేవాళ్ళకి ఫోన్లు చేసి విసిగించారు. చివరికి తేలిందేమంటే, షాంపూ బిళ్ళలు రెండు రకాలు. ఒకటి నూనెలతో చేసిన అసలు సబ్బు, దానికి సున్నం లేని మెత్తటి నీళ్ళు కావాలి. రెండోది చూడ్డానికి సబ్బే కానీ సబ్బు కాదు, షాంపూనే గట్టిగా అచ్చు పోసినది. అది బోరు నీళ్ళలో కూడా విరగదు.

అప్పటి నుంచీ ఆయన కొట్లో ఒక రూలు. షాంపూ బిళ్ళ కావాలంటే మీ ఇంటి నీళ్ళు సీసాలో పట్టుకెళ్ళాలి. ఆయన తురుము వేసి ఆడించి, వెలుగులో పెట్టి చూసి, అప్పుడు బిళ్ళ తీసేవారు. "ముందు నీళ్ళు, తరవాత జుట్టు, ఆకర్న సబ్బు" అనేవారు. గరివిడి నుంచి చుట్టపుచూపుగా వచ్చిన ఒకావిడ ఉత్త చేతుల్తో వెళ్తే, "గరివిడి నీళ్ళు నానెరగనమ్మా, మళ్ళీ వచ్చినప్పుడు పట్టుకురా" అని పంపించేశారు. ఆవిడ కొట్టువాడికి పొగరని వీధంతా వినేలా అంది. ఈయన నవ్వేసి తర్వాతి సీసా అందుకున్నారు.

నీళ్ళు తేలాక జుట్టు. నాకు బిళ్ళ తల మీద పెట్టొద్దన్నారు. ఉంగరాల జుట్టుని బిళ్ళతో రుద్దితే చిక్కు పడుతుంది, అరచేతుల్లో నురగ చేసి కుదుళ్ళకే పట్టించు, చివర్లకి కారే నురగ చాలు అన్నారు. తిన్నని పొడుగు జుట్టయితే బిళ్ళని పైనుంచి కిందికే జరపాలి, వెనక్కి తిప్పకూడదు. మా అత్తగారివి నాలుగు తెల్ల వెంట్రుకలు, వాటికి గిద్దెడు ఆముదం. ఆవిడకి రెండుసార్లు అంటుకోవాలని చెప్పారు. మొదటిసారి నూనె కోసం, రెండోసారి తల కోసం. రెండుసార్లూ కొంచెమే. ఆవిడ గట్టిగా రుద్దుతుందని తెలిసి, "అప్పా, తల బట్ట కాదే, బండ మీదేసి ఉతకడానికి" అన్నారు. మా ఆయన చుండ్రుకి సబ్బు అడిగితే, నా దగ్గర లేదు, డాక్టరుకి చూపించుకోమన్నారు. కొట్లో చుండ్రు పేరు రాసిన బిళ్ళలున్నా ఇవ్వలేదు.

బిళ్ళ వెంటనే కరిగిపోతోందని ఎవరైనా అంటే, నీళ్ళు నిలిచే గిన్నెలో పెట్టుంటారని కొట్లో కూర్చునే చెప్పేవారు. "సబ్బు ఆరితేనే బతుకుతాది." సగానికి కోసి ఒక ముక్కే బయట ఉంచమనేవారు. పోయినేడు మా అమ్మాయి విజయనగరంలో హాస్టల్లో చేరితే, అక్కడి నీళ్ళ కోసం మావయ్యే మా ఆయనకి సీసా ఇచ్చి పంపించారు. ఆ సీసాని వెలుగులో తిప్పి తిప్పి చూసి, "పర్వానేదు, గుంటపిల్లకి జుట్టు నిలబడతాది" అన్నారు. తన మనవరాలే అయినంత సంతోషం ఆయన మొహంలో.

మంగళవారం మధ్యాహ్నం ఆయన్ని తీసుకెళ్ళారు. చావింటికి వెళ్ళొచ్చిన వాళ్ళం, తలస్నానం చేయనిదే ఇంట్లో అడుగు పెట్టకూడదు కదా. వీధిలో అందరిళ్ళలోనూ ఒకేసారి నీళ్ళ చప్పుడు మొదలైంది. నేను బిళ్ళ చేతిలోకి తీసుకున్నాను. ఏడ్చాను. తర్వాత అరచేతుల్లో నురగ చేసుకుని, ఆయన చెప్పినట్టే తలంటుకున్నాను.

డాబా మీదికెళ్ళేసరికి అప్పటికే అందరూ వాళ్ళ వాళ్ళ డాబాల మీద ఉన్నారు. ఉంగరాలవి, తిన్ననివి, పలచబడ్డవి, నెరిసినవి, రంగు వేసినవి, అన్ని జుట్లూ విరబోసుకుని ఎండలో నిలబడ్డారు. ఒక్కొక్కరే దువ్వుకోవడం మొదలుపెట్టారు. ఏ తలలోనూ దువ్వెన ఆగలేదు.