ఊఁ కొట్టినంత మాత్రాన

పోయినేడు డబ్లిన్ శివార్లలో మా కాలనీ హాలులో కౌన్సిల్ వాళ్ళు సభ పెట్టారు. వాతావరణ ప్రణాళిక మీద జనం మాట వింటామన్నారు. పక్కింటి ఆంటీని నేనే వెంటబెట్టుకుని వెళ్ళాను. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆంటీది కరీంనగర్ వైపు. బోమాంట్ ఆసుపత్రిలో నర్సుగా చేసే కూతురి దగ్గర ఉంటుంది. డ్రైవింగ్ రాదు, మోకాళ్ళ నొప్పులు. ఇండియన్ షాపుకైనా, జీపీ డాక్టరు దగ్గరికైనా, ఊరికే నలుగురినీ చూసి రావడానికైనా ఎవరినీ బతిమాలకుండా ఇంటి ముందు ఆగే బస్సెక్కి వెళ్ళిపోయేది. కొత్త ప్రణాళికలో ఆ బస్సు పెద్దరోడ్డు మీదుగానే పోతుందట. మా స్టాపు తీసేసి అక్కడ చెట్లు నాటుతారట. కార్లు తగ్గిద్దామని మొదలుపెట్టి, కారే లేని మనిషి బస్సు లాగేసుకోవడం ఏం తెలివో నాకర్థం కాలేదు.

మా బల్ల దగ్గర అభిప్రాయాలు రాసుకోవడానికి ఒక ఐరిష్ అమ్మాయి కూర్చుంది. "చెట్లు పెట్టుండ్రి, ఎవరొద్దన్నరు? నా బస్సు మాత్రం తియ్యకుండ్రి" అంది ఆంటీ. నేను ఇంగ్లీషులో చెప్పాను. అమ్మాయి ఓపిగ్గా వివరించింది. చుట్టుతిరుగుడు తగ్గితే బస్సు త్వరగా వెళ్తుంది, ఎక్కేవాళ్ళు పెరుగుతారు, పొగ తగ్గుతుంది. ఆంటీకి ఇంగ్లీషు అర్థమవుతుంది, మాట్లాడటానికే మొహమాటం. ప్రతి మాటకూ తలాడిస్తూ "ఊఁ... ఊఁ..." అంది. నాకేమీ వింతగా అనిపించలేదు. ఎదుటి మనిషి చెబుతుంటే ఊఁ కొట్టకపోతే మర్యాదేముంటుంది? "గ్రాండ్!" అని, అంటే ఇక్కడి వాడుకలో సరే, బాగుందని, అమ్మాయి ఏదో రాసుకుంది.

కొన్ని వారాలకు ముసాయిదా ఆన్‌లైన్‌లో పెట్టారు. వివరణ విన్నాక మా బల్ల దగ్గరి పెద్దలు స్టాపు మార్పును స్వాగతించారని అందులో ఉంది. స్వాగతించారట! మౌనం అర్ధాంగీకారమన్నారు మనవాళ్ళు. ఊఁ కొడితే ఏకంగా వేలిముద్ర వేసినట్టేనని ఎవరూ చెప్పలేదే!

చదివి వినిపిస్తే ఆంటీ తెల్లబోయింది. "ఊఁ అంటే ఇంటున్న అని గద బిడ్డా! ఒప్పుకున్న అని ఎట్ల రాసుకున్నరు?"

ముసాయిదా మీద మళ్ళీ సభ పెట్టారు. ఈసారి ముందే చెప్పాను. "ఆంటీ, ఊఁ అనొద్దు. తల కూడా ఊపొద్దు మీరు."

"ఆ పిల్ల బాధపడదా?"

"పడనివ్వండి."

అదే అమ్మాయి, అవే మాటలు. ఆంటీ తల అలవాటుగా కదలబోతే గడ్డం కింద చెయ్యి పెట్టి ఆపుకుంది. అంతా విన్నాక వేలెత్తి, తనే ఇంగ్లీషులో చెప్పింది. "నో. మై బస్ హియర్. ఐ సే నో." అమ్మాయి మొహం ఎర్రబడింది. సారీ చెప్పి, పాత వాక్యం మా ఎదుటే కొట్టేసింది. ఎవరో ఫోటో తీశారు. తిరిగొస్తుంటే ఆంటీ కొత్త పెళ్ళికూతురిలా నవ్వుకుంది. నాకూ గర్వంగానే అనిపించింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు కాలేదు కదా అనుకున్నాను.

ఈ ఏడు అసలు ప్రణాళిక వచ్చింది. స్టాపు లేదు. మార్పును స్వాగతించారన్న మాటా లేదు, స్టాపు ఉంచమన్న మాటా లేదు. ప్రజల భాగస్వామ్యం అన్న పేజీలో మాత్రం వేలెత్తిన ఆంటీ ఫోటో నిండుగా వేశారు. కింద, ప్రతి గొంతునూ విన్నామని రాశారు. నాకు ఫోను విసిరికొట్టాలనిపించింది.

ఆంటీ ఫోను దగ్గరికి తీసుకుని చూసింది.

"ఫోటో మంచిగొచ్చింది. నేనప్పుడేమంటున్ననో రాసిన్రా?"

"రాయలేదు ఆంటీ."

"మరి నన్నెందుకు పిలిచిన్రు బిడ్డా?"

స్టాపు తీసేశారు. పెద్దరోడ్డు దాకా నడవలేక ఆంటీ ఇప్పుడు కూతురి కారులోనే బయటికి వెళ్తోంది, కూతురికి డ్యూటీ లేనప్పుడు.